వంటిల్లు కూడా పనిచోటే

(అక్షరాలు నేర్చినవారి చదువుల కేంద్రంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు. కొత్త ఇల్లు కట్టడం కష్టమే. ఉన్న ఇంటిని మార్చుకోవడం ఇంకా కష్టం. ఒక పక్క గోడ కూలుస్తూ ఉంటే, ఇంకో పక్క పొయ్యి వెలగాలి. పనిముట్లు మూలన పెట్టి కూర్చుంటే ఆ వారం కూలి పోతుంది.

ఈ రోజు మాట్లాడుకునేది రెండు చోట్ల గురించి. ఒకటి వంటిల్లు. రెండోది ఇంటిని ఆనుకుని ఉన్న పనిపాక. వడ్రంగులు, కమ్మరులు, బండ్లు బాగుచేసేవాళ్లు, ఇంటి దగ్గరే పని చేసుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. చాలా ఇళ్లలో మోటారు సైకిలు పెట్టే షెడ్డే పనిపాక. దాన్ని ఆనుకునే వంటిల్లు.

చేతిలో నాలుగు డబ్బులు పడితే ముందు ఏది బాగుచేస్తారు? పనిపాకనే. "డబ్బు వచ్చేది అక్కడే కదా" అంటారు. వంటిల్లు సంగతి "తర్వాత చూద్దాంలే" అంటారు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు.

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అని ఒక సామెత ఉంది. ఇల్లాలిని చూసే ముందు, ఆమెకు ఎలాంటి వంటిల్లు ఇచ్చారో అది కూడా చూడాలి. రోజుకు మూడు పూటలా ఆమె నిలబడే చోటు అది. వంటిల్లు కూడా పనిచోటే.

ఒక వడ్రంగి ఇల్లు

ఒక వడ్రంగి ఇంటిని తలచుకోండి. అది ఫలానా ఊళ్లో ఉందని కాదు. ఇలాంటి ఇళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటాయి.

ముందు రెండు గదులు. వెనక పొడుగాటి వసారా. వసారాలో ఒక సగం వంటిల్లు. ఇంకో సగం పనిపాక. అందులోనే మోటారు సైకిలు. రెండు సగాలకూ మధ్య ఒక తడిక. తడికకు ఇటు పొయ్యి. అటు చెక్క పేళ్లు, రంపపు పొట్టు, పాలిషు డబ్బాలు. వంటింటికి ఒకటే చిన్న కిటికీ. దానికీ బియ్యం డబ్బా అడ్డం. గోడలన్నీ మసి.

ఈ ఇంట్లో నలుగురు. వడ్రంగి, అతని భార్య, కూతురు, ముసలి తల్లి. దసరా పనుల్లో కొంత డబ్బు మిగిలింది.

"ముందు చిత్రిక పట్టే మిషను కొందాం. పని పెరుగుతుంది. ఆ డబ్బుతో వంటిల్లు కట్టుకుందాం" అన్నాడు వడ్రంగి.

"పోయిన ఏడూ ఇదే మాట అన్నారు. వచ్చిన డబ్బు అత్తయ్య దగ్గు మందులకే సరిపోయింది" అంది భార్య.

ముసలమ్మ మంచంలోంచి లేచి కూర్చుంది. "నలభై ఏళ్లు ఊదుగొట్టం ఊదాను నాయనా. ఇప్పుడు సూదిలో దారం ఎక్కదు. నాలుగడుగులు నడిస్తే ఆయాసం. కోడలికీ దగ్గు మొదలైంది. రేపు మనవరాలు కూడా అక్కడే కూర్చోవాలి కదా" అంది.

వడ్రంగి మాట్లాడలేదు. ఆయన కూడా పొద్దున లేస్తే తుమ్ములే. చీదితే ముక్కులోంచి పొట్టు వస్తుంది. వసారాలో ఇటు ఆమె పొగ పీలుస్తోంది. అటు ఆయన దుమ్ము పీలుస్తున్నాడు. మధ్యలో తడిక ఉంది గానీ, గాలికి తడిక అడ్డమా?

పొగ ఏం చేస్తుంది?

కట్టెలు, పిడకలు, కంది పుల్ల, పత్తి కట్టె కాలితే వచ్చే పొగలో కంటికి కనపడనంత సన్నని నుసి ఉంటుంది. విషవాయువులూ ఉంటాయి. నుసి ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. దానితో దగ్గు, ఆయాసం, పసిపిల్లలకు నిమ్ము వస్తాయి. గుండెజబ్బు, పక్షవాతం కూడా రావచ్చు. కంట్లో శుక్లం రావడానికీ పొగ ఒక కారణం.

ఇంట్లో పొయ్యి పొగ, కిరసనాయిలు పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేసింది. వారిలో 5 ఏళ్లలోపు పిల్లలు 2 లక్షల 37 వేల మందికి పైనే. పొగ అంటే కళ్లు మండటం ఒక్కటే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

దుమ్ము ఏం చేస్తుంది?

రంపపు పొట్టులో లావుది కింద పడుతుంది. సన్నది గాలిలో తేలుతుంది. తలుపు సందులోంచి ఎండ పడినప్పుడు అది కనపడుతుంది. అదే ముక్కులోకి, గొంతులోకి పోతుంది. తుమ్ములు, ఉబ్బసం, చర్మం దురద దానితో వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు లోపల క్యాన్సర్ రావచ్చు.

చేత్తో రంపం లాగితే దుమ్ము తక్కువ. మిషనుతో కోస్తే, ఉప్పుకాగితం మిషను పెడితే దుమ్ము చాలా ఎక్కువ. అంటే మిషను కొనేముందే గాలి సంగతి చూసుకోవాలి.

పనిపాక నుంచి పొయ్యిలోకి

వడ్రంగి ఇంట్లో ఇంకో అలవాటు ఉంటుంది. పనిలో మిగిలిన ముక్కలన్నీ పొయ్యిలోకి పోతాయి. "ఊరికే వచ్చే కట్టె కదా" అనుకుంటారు. వేప, తుమ్మ, టేకు ముక్కలైతే అది మామూలు కట్టె పొగే. కానీ ప్లైవుడ్డు ముక్కలు, సన్‌మైకా ముక్కలు, రంగు వేసిన పాత తలుపు చెక్కలు పొయ్యిలో పెట్టకూడదు. ప్లైవుడ్డులో జిగురు మందు ఉంటుంది. పాత రంగుల్లో సీసం ఉంటుంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఆ పొగ, ఆ బూడిద రెండూ చెడ్డవే. ఆ బూడిదతో గిన్నెలు తోమకూడదు.

ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ముందు చేసిన పని ఇదే. రెండు గోనెసంచులు తెచ్చారు. ఒకదాని మీద "పొయ్యికి" అని రాశారు. రెండోదాని మీద "పొయ్యికి వద్దు" అని రాశారు. దీనికి పైసా ఖర్చు లేదు.

ముందు కాగితం మీద

గోడ ముట్టుకునే ముందు కాగితం, పెన్సిలు తీసుకోవాలి. టేపుతో కొలవాలి. 12 అంగుళాలు ఒక అడుగు. అంకెలు వచ్చినవాళ్లు ఎవరైనా కొలవగలరు.

ఆ ఇల్లాలు రాత్రి చదువుకు వచ్చి అక్షరాలు, లెక్కలు నేర్చింది. తడిక ఉన్నచోట గోడ కట్టాలని అనుకున్నారు. కూతురు టేపు పట్టుకుంది. తల్లి రాసింది. పొడవు 10 అడుగులు. ఎత్తు 8 అడుగులు.

తాపీమేస్త్రీ వచ్చి చూశాడు. "చెల్లెమ్మా, 700 ఇటుకలు తెప్పించు" అన్నాడు.

ఆమె కాగితం తీసింది. "అన్నా, 10 ఎనిమిదులు 80 చదరపు అడుగులు. ఇటుక పొడవు 9 అంగుళాలు, ఎత్తు 3 అంగుళాలు. ఒంటి ఇటుక గోడకు చదరపు అడుగుకి 5 ఇటుకలు అనుకుంటే 400. విరిగేవాటికి ఇంకో 40. మొత్తం 440 చాలవా?"

"మిగిలితే ఎక్కడికి పోతాయమ్మా!"

"మిగిలినవాటికీ డబ్బు ఇవ్వాలి కదన్నా."

మేస్త్రీ నవ్వాడు. "సరే, 440తోనే చూద్దాం" అన్నాడు.

పని ఒప్పుకున్నప్పుడు కూడా కాగితం రాసుకోండి. ఏ పని, ఎంత కూలి, ఎన్ని రోజులు, ఎంత బయానా ఇచ్చారు, ఇవన్నీ రాయండి. ఇద్దరూ సంతకం చేయండి. ఇది అనుమానం కాదు. తర్వాత మాట తేడా రాకుండా ఉండటానికి. సిమెంటు, ఇటుక, తీగలు ఏవి కొన్నా బిల్లు తీసుకోండి.

వంటిల్లు ఎలా ఉండాలి?

గాలి: వంటిల్లు ఆగ్నేయం మూల ఉండాలని చాలామంది చూస్తారు. మూల ఏదైనా సరే, గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాలి. ఎదురెదురు గోడలకు కిటికీలు ఉంటే మంచిది. గోడ పైభాగంలో, కప్పు కింద ఒక జాలీ పెట్టాలి. పొగ, ఆవిరి పైకి లేస్తాయి. అక్కడినుంచి బయటికి పోతాయి.

వెలుతురు: పెంకుటిల్లు అయితే ఒకటి రెండు పెంకులు తీసి అద్దపు పెంకులు పెట్టవచ్చు. పగలు దీపం అక్కర్లేదు. బియ్యంలో రాళ్లు కనపడతాయి.

గట్టు: నిలబడి వండుకునే గట్టు ఎంత ఎత్తు ఉండాలి? మేస్త్రీ తన లెక్క ప్రకారం కడతాడు. కానీ అక్కడ నిలబడేది మేస్త్రీ కాదు. వండే మనిషిని నిలబెట్టండి. మోచేయి మడవమనండి. మోచేతికంటే ఒక బెత్తెడు, అంటే 4 వేళ్ల వెడల్పు, కిందికి గట్టు ఉండాలి. పొయ్యి పెట్టే చోటు ఇంకొంచెం దించితే గిన్నెలోకి చూడటం సులువు. గట్టు ఎక్కువైతే భుజాలు లాగుతాయి. తక్కువైతే నడుం పట్టేస్తుంది.

బండ: కడప నల్లబండ, బేతంచర్ల బండ, తాండూరు బండ, ఇవన్నీ గట్టి రాళ్లే. ఇవి సున్నపురాయి జాతివి. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది. వెంటనే తుడిస్తే చాలు.

నీళ్లు: గిన్నెలు కడిగిన నీళ్లు వాకిట్లో నిలవకూడదు. దోమలు చేరతాయి. కాలువ తీసి అరటి చెట్టుకో, కూరపాదులకో పెట్టండి. స్థలం లేకపోతే ఇంకుడు గుంట తవ్వండి. 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు. లోపల రాళ్లు నింపాలి. బావికి, బోరుకు దూరంగా తవ్వాలి.

కట్టెల పొయ్యి ఉంటే

పొగలేని పొయ్యిల కోసం కేంద్ర ప్రభుత్వం 1983లో ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో అది ఆగిపోయింది. ఊళ్లలో లక్షల పొయ్యిలు వేశారు. చాలావాటికి గొట్టంలో మసి పేరుకుంది. శుభ్రం చేసేవాళ్లు లేరు. పగిలితే బాగుచేసేవాళ్లు లేరు. పొగ మళ్లీ ఇంట్లోకే వచ్చింది. పొయ్యి వేయడం ఒక్కరోజు పని. దాన్ని చూసుకోవడం రోజూ పని. ఇది అప్పుడు నేర్చిన పాఠం.

నీళ్లు కాచుకోవడానికి, దాణా ఉడికించడానికి కట్టెల పొయ్యి ఉంచుకుంటే దాన్ని ఇంటి బయట, పనిపాకకు దూరంగా పెట్టండి. ఇంట్లోనే ఉంటే పొగగొట్టం కప్పు కంటే 3 అడుగులు ఎత్తుగా ఉండాలి. నెలకోసారి మసి దులపాలి. తాటాకు కప్పు, గడ్డి కప్పు ఉన్న ఇంట్లో గొట్టం కప్పును తాకకూడదు.

గ్యాసు ఉంటే

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. కేంద్రం 2016లో ఉజ్వల పథకం తెచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 మొదలైంది. అదే ఏడు తెలంగాణలో 500 రూపాయలకు సిలిండరు పథకం మొదలైంది. గ్యాసు వచ్చింది. దానికి తగ్గట్టు వంటిల్లు మారిందా?

ఒక సంగతి గుర్తుంచుకోండి. పొగ పైకి పోతుంది. వంట గ్యాసు కిందికి దిగుతుంది. అది గాలికంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి వంటింటి బయటి గోడకు, నేలకు దగ్గరగా కూడా ఒక జాలీ ఉండాలి. ఆ జాలీ పనిపాకవైపు ఉండకూడదు.

సిలిండరు ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పొయ్యి దానికంటే ఎత్తులో, గట్టు మీద ఉండాలి. రబ్బరు గొట్టానికి ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. సురక్ష గొట్టాన్ని 5 ఏళ్లకు మించి వాడకండి. పగుళ్లు కనపడితే ముందే మార్చండి.

సిలిండరు పై రింగును పట్టి ఉంచే ఇనుప పట్టీల్లో ఒకదాని మీద ఒక ఇంగ్లీషు అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి. బి అంటే ఏప్రిల్ నుంచి జూన్. సి అంటే జూలై నుంచి సెప్టెంబరు. డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. సి-28 అని ఉంటే 2028 సెప్టెంబరులోగా ఆ సిలిండరును మళ్లీ పరీక్ష చేయాలి. ఆ గడువు దాటినది తెస్తే తీసుకోకండి. వేరేది అడగండి. ఒక్క అక్షరం, రెండు అంకెలు చదవగలిగితే చాలు.

గ్యాసు వాసన వస్తే లైటు వేయకండి, ఆర్పకండి. అగ్గిపుల్ల గీయకండి. రెగ్యులేటరు కట్టేయండి. తలుపులు తెరవండి. బయటికి వెళ్లి 1906కు ఫోను చేయండి.

పనిపాక ఎలా ఉండాలి?

వంటింటికి, పనిపాకకు మధ్య తడిక పనికిరాదు. ఇటుక గోడ ఉండాలి. కప్పుదాకా ఉండాలి. గోడకు తలుపు పెట్టకపోతే ఇంకా మంచిది. పెట్టాలంటే గడప ఎత్తుగా కట్టాలి. మోటారు సైకిలు నుంచి పెట్రోలు కారితే గడప దాటి రాదు. పెట్రోలు ఆవిరి కూడా గాలికంటే బరువే. అది నేలమీదే పాకుతుంది. పొయ్యి మంట దానికి తగిలితే చాలు, వసారా అంటుకుంటుంది.

చిత్రిక బల్ల ఎత్తుకూ ఒక లెక్క ఉంది. చేతులు కిందికి వదిలితే మణికట్టు ఎక్కడికి వస్తుందో, బల్ల అక్కడికి రావాలి. అప్పుడు చిత్రిక మీద ఒంటి బరువు పడుతుంది. నడుం నిలుస్తుంది.

దుమ్ము లేచే పని కప్పు కింద కాకుండా ఆరుబయట చేస్తే మేలు. ముక్కుకు గుడ్డ కడితే సన్నని దుమ్ము ఆగదు. ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి. పొట్టు ఏ రోజుది ఆ రోజే ఎత్తాలి.

పాలిషు, స్పిరిట్, రంగులు, టర్పెంటైను మూత బిగించి, పిల్లలకు అందని చోట పెట్టాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరేయండి.

కప్పుకు పాత సిమెంటు రేకులు ఉంటే వాటిని రంపంతో కోయకండి. వాటిలో రాతినార ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.

ఒక బకెట్టు ఇసుక తలుపు దగ్గర ఎప్పుడూ ఉండాలి. పెట్రోలు, నూనె మంట మీద నీళ్లు పోస్తే మంట పరుచుకుంటుంది. ఇసుక చల్లాలి. వంటింట్లో మూకుడులో నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి మూత పెట్టాలి. మంట పెద్దదైతే అందరూ బయటికి రండి. 101కి ఫోను చేయండి.

కరెంటు

మిషనుకు సన్న తీగ పనికిరాదు. తీగ కాలుతుంది. కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించండి. పెద్ద మిషనైతే ఇంకా లావు తీగ కావాలి. మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. మూడో పిన్ను ఎర్తు కోసం. ఎర్తు సరిగ్గా లేకపోతే ఆ మూడో పిన్ను దండగ. ఆర్‌సీసీబీ అనే స్విచ్చి ఒకటి పెట్టించండి. ఒంట్లోంచి నేలలోకి కరెంటు పారితే రెప్పపాటులో ఆపేస్తుంది. దాని మీద 30 ఎం.ఎ. అని ఉందేమో చూసి కొనండి. స్విచ్చి బోర్డు నీళ్ల తొట్టికి, పొయ్యికి దూరంగా ఉండాలి.

ఏది ముందు? ఏది వెనక?

అన్నీ ఒకేసారి చేయడానికి డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? ఆ ఇంట్లోవాళ్లు రాత్రి కూర్చుని ఒక జాబితా రాశారు. ప్రాణానికి ముప్పు ఉన్నవి ముందు. ఒంటికి బాధ కలిగించేవి తర్వాత. అందం చివర.

ఒకటి, పొట్టు, పాలిషు డబ్బాలు పొయ్యి దగ్గరనుంచి తీసేయడం. ఖర్చు లేదు. రెండు, నడుమ గోడ. మూడు, కిటికీ, జాలీలు. నాలుగు, కరెంటు తీగ, ఎర్తు. ఐదు, గట్టు. ఆరు, మిషను. ఏడు, గోడలకు రంగు.

వడ్రంగి జాబితా చూశాడు. "మిషను ఆరోదా?" అన్నాడు.

"నాలుగోది కాకుండా మిషను పెడితే తీగ కాలదా?" అంది భార్య.

ఆయన కాసేపు ఆలోచించాడు. "నిజమే. కిటికీ, తలుపు చెక్క పని నేనే చేస్తాను. ఆ కూలి మిగులుతుంది. మిషను సంక్రాంతికి చూద్దాం" అన్నాడు.

సంక్రాంతికి మిషను రాలేదు. ఉగాదికి వచ్చింది. ముసలమ్మ కళ్లకు శుక్లాల ఆపరేషను చేయించారు. చూపు వచ్చింది. ఆయాసం మాత్రం పూర్తిగా పోలేదు. నలభై ఏళ్ల పొగ ఒక గోడ కట్టగానే పోదు. కానీ కోడలి దగ్గు తగ్గింది. మనవరాలు ఇప్పుడు వంటింటి గట్టు పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. అక్కడ వెలుతురు బాగుంది.

అక్కలారా! అన్నలారా! ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. వంటింట్లో ఒకసారి, పనిచోట ఒకసారి నిలబడి చుట్టూ చూడండి. గాలి ఎటు వస్తోంది? ఎటు పోతోంది? నిప్పు ఎక్కడుంది? అంటుకునేది ఎక్కడుంది? చూసింది కాగితం మీద రాయండి. ఖర్చు లేని పని ఏదైనా కనపడితే రేపే చేయండి.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో డబ్బు మిగిలితే ముందు ఏది బాగుచేస్తారు? ఎందుకు? ఆ మాట ఎవరు చెబుతారు?

2. పొగ పైకి పోతుంది. వంట గ్యాసు ఎటు పోతుంది? జాలీలు ఎక్కడెక్కడ పెట్టాలి?

3. మీ సిలిండరు మీద ఉన్న అక్షరం, అంకెలు చదివి రాసుకు రండి. గడువు ఎప్పటిదాకా ఉంది?

4. 12 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న ఒంటి ఇటుక గోడకు ఎన్ని ఇటుకలు కావాలి? లెక్క వేయండి.